స్టౌట్‌కి ఆ రుచి ఎక్కడి నుంచి వస్తుంది? నల్ల గింజ పెంచితే మాడు, తగ్గిస్తే నీళ్లు

నల్లనురుగు:

స్టౌట్ అనే ముదురు రంగు బీరు రుచి గురించి ఎవరిని అడిగినా "మాడేదాకా వేయించిన బార్లీ పడుతుంది కదా, అదే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అంతే అయితే ఆ బార్లీ పడిన ప్రతి బీరూ స్టౌట్ అయిపోవాలి. అవ్వట్లేదు. రంగొస్తుంది, కాఫీ వాసనొస్తుంది, కానీ మింగాక గొంతు వెనకాల బూడిద చేదు పట్టుకుని వదలదు. నోట్లో ఉన్నంతసేపూ మాత్రం పలచగా, ఏమీ లేనట్టు జారిపోతుంది. మంచి స్టౌట్‌లో సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది: నోట్లో నిండుగా, మింగాక ఏమీ అంటుకోకుండా.

ఇంట్లో చేసే 20 లీటర్ల బీరుకి నా లెక్క ఇది. లేత ఏల్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) 3.6 కిలోలు, రోస్టెడ్ బార్లీ 500 గ్రా., బ్లాక్ మాల్ట్ (నల్లగా వేయించిన మాల్ట్) 200 గ్రా. ఆర్వో నీళ్లు. లేత ఏల్ అనే లేత రంగు బీరుకి వేసినట్టే జిప్సం 6 గ్రా., 88 శాతం లాక్టిక్ యాసిడ్ 4 మి.లీ. మాష్‌లో (గింజని వేడినీళ్లలో నానబెట్టే దశలో) వేశాను, పీహెచ్ మీటర్ 5.1 చూపించింది. 64 డిగ్రీల దగ్గర 75 నిమిషాలు. హాప్స్ అనే పూల నుంచి వచ్చే చేదు లెక్క ప్రకారం 40 ఐబీయూ (చేదు కొలత). గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే ద్రవం ఎంత చిక్కనో చెప్పే అంకె, చక్కెర పులిసేకొద్దీ తగ్గుతుంది) 1.044 దగ్గర మొదలై 1.007కి దిగింది. సీసాల్లోకి ఎక్కించేటప్పుడు గ్యాస్ పుట్టడానికి పంచదార 130 గ్రా.

ఇందులో ఏది ఏ రుచికి కారణమో విడదీసి చెప్పగలరా? ఇంకోటి. బార్‌లో పోసే స్టౌట్‌కి ఆ మెత్తదనం నైట్రోజన్ వల్లే అంటారు. అది లేకుండా ఇంట్లో ఆ దరిదాపులకైనా వెళ్లొచ్చా, లేక లాక్టోజ్ (పాల చక్కెర) వేసి సరిపెట్టుకోవాలా?

మాష్‌గరిటె:

మీ లెక్క చూస్తే ఇది స్టౌట్ కాదండి, నల్ల రంగేసిన లేత ఏల్. గింజలు మార్చారు, మిగతా పద్ధతంతా లేత ఏల్‌దే ఉంచారు. తేడా అక్కడే కొడుతోంది.

ముందు గింజ సంగతి. రోస్టెడ్ బార్లీ అంటే మొలకెత్తించని బార్లీని డ్రమ్ములో తిప్పుతూ 200 డిగ్రీలు దాటించి, 230 దరిదాపులదాకా వేయించి, ఇక అంటుకుంటుందనగా నీళ్లు చల్లి ఆపేసినది. ఆ వేపుడులో మొదట గింజలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి మయ్యార్ చర్య జరుగుతుంది. పైరజీన్లు పుట్టేది అక్కడే, కాఫీ వాసనలో పెద్ద వాటా వాటిదే. కొన్ని ఫ్యూరాన్లు కారామెల్ వాసన ఇస్తాయి. వేడి ఇంకా ఎక్కితే గింజ పదార్థమే విరిగిపోయి గ్వాయకాల్ లాంటి ఫినాల్స్ బయటికొస్తాయి. పొగ, బూడిద అంటున్నామే, అవి. అంటే మీకు కావలసిందీ వద్దన్నదీ ఒకే గింజలో ఉన్నాయి. మోతాదు రెట్టింపు చేస్తే కాఫీ రెట్టింపవదు, బూడిదే ముందుకొస్తుంది.

మీ దాంట్లో నల్ల గింజ మొత్తం 700 గ్రా., అంటే 16 శాతం. 10 శాతం ఆల్కహాల్ ఉన్న ఇంపీరియల్ స్టౌట్‌లో అయితే మిగిలిపోయిన తీపి దాన్ని మోస్తుంది. 1.007కి దిగిపోయిన తేలిక బీరులో మోసేది ఏముంది? డబ్లిన్ తరహా డ్రై (తీపి లేని) స్టౌట్‌కి అందరూ మొదలుపెట్టే లెక్క 70-20-10: లేత మాల్ట్ 70, బార్లీ అటుకులు 20, రోస్టెడ్ బార్లీ 10. పదో వంతు చాలు. అంత తక్కువతో నలుపు వస్తుందా అని అనుమానం ఉంటే, అసలు స్టౌట్ నలుపే కాదు. గ్లాసుని దీపానికి అడ్డం పెట్టి అడుగు అంచు చూడండి, ముదురు ఎరుపు కనిపిస్తుంది. ఆ రంగు 10 శాతంతో వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు తప్పు. నల్ల గింజలకి సొంత పులుపు ఉంటుంది. లేత మాల్ట్ ఒక్కదాన్నే ఖనిజాలు లేని నీళ్లలో మాష్ చేస్తే పీహెచ్ 5.7 దగ్గర నిలబడుతుంది, అందుకే లేత ఏల్‌కి యాసిడ్ వేస్తాం. ఇక్కడ ఆ పని నల్ల గింజలే చేసిపెడతాయి. మీరు దాని మీద మళ్లీ 4 మి.లీ. లాక్టిక్ పోశారు, జిప్సంలోని కాల్షియం ఇంకొంచెం దించింది. 5.1 అందుకే. ఆ పీహెచ్ దగ్గర రోస్ట్ రుచి గుండ్రంగా ఉండదు, కోసినట్టు, పుల్లటి కాఫీలా తగులుతుంది. డ్రై స్టౌట్ మాష్ 5.4 నుంచి 5.5 మధ్య ఉండాలి. మామూలు బీరుకి చెప్పే అంకె కంటే కొంచెం పైనే.

డబ్లిన్, లండన్ లాంటి చోట్ల నల్ల బీర్లు కుదరడానికి కారణం కూడా ఇదే. ఆ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. లేత మాల్ట్‌తో చేస్తే పీహెచ్ దిగక బీరు మొద్దుగా, వగరుగా వచ్చేది. నల్ల గింజల పులుపుకి ఆ బైకార్బొనేట్ సరిపోయి రెండూ తూకంలో పడేవి. అలాగని ఆర్వో నీళ్లలో బైకార్బొనేట్ తప్పక కలపాలని కాదు. 10 శాతం నల్ల గింజకి మామూలుగా అవసరం రాదు. యాసిడ్ మానేయండి, మాష్ మొదలైన 10 నిమిషాలకి కొంచెం తీసి చల్లార్చి కొలవండి. 5.3 కంటే కిందుంటేనే వంటసోడా, అదీ ఒక్కో గ్రాము వేసి కలిపి మళ్లీ కొలుస్తూ. ఈ సైజు మాష్‌లో ఒక గ్రాముకి పీహెచ్ 0.1 కంటే తక్కువే కదులుతుంది, కాబట్టి ఓపిక పట్టండి. గుప్పెడు వేసి 5.7 దాటించారంటే స్పార్జ్‌లో (మాష్ అయిన గింజని వేడినీళ్లతో కడిగేటప్పుడు) పొట్టు వగరంతా దిగుతుంది.

జిప్సం కూడా తీసేయండి. సల్ఫేట్ చేదుని పదును చేస్తుంది, ఇక్కడ పదునుకి లోటేం లేదు. దాని బదులు కాల్షియం క్లోరైడ్ 5 గ్రా., మొత్తం 27 లీటర్ల నీళ్లకి. క్లోరైడ్ నోటికి నిండుదనం ఇస్తుంది.

పాతపీపా:

పైన చెప్పిందంతా సరే, బ్లాక్ మాల్ట్‌ని దొంగని చేసి వెళ్లగొట్టకండి. స్టౌట్‌కి ముందు దక్కింది అదే. లండన్‌లో డేనియల్ వీలర్ 1817లో డ్రమ్ రోస్టర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు పోర్టర్ (స్టౌట్‌కి మూలమైన ముదురు బీరు) రంగు కోసం బ్రౌన్ మాల్ట్ ఎక్కువగా వాడేవాళ్లు, దాంట్లో పులిసే చక్కెర తక్కువ వచ్చేది. నల్ల మాల్ట్ చేతికొచ్చాక కొద్దిగా అది, మిగతాది లేత మాల్ట్, ఖర్చూ తగ్గింది. మొలకెత్తించని బార్లీ వాడటానికి బ్రిటన్‌లో, అప్పట్లో దాని పాలన కిందే ఉన్న ఐర్లండ్‌లో చట్టం ఒప్పుకునేది కాదు, ఎందుకంటే పన్నంతా మాల్ట్ మీదే. 1880లో పన్ను మాల్ట్ మీంచి వోర్ట్ (మాష్ నుంచి దిగే తీపి రసం) మీదికి మారాక ఆ అడ్డు పోయింది. రోస్టెడ్ బార్లీ లేకపోతే స్టౌట్ కాదనేవాళ్లు ఈ తేదీ ఒకసారి చూసుకోవాలి.

రుచిలో తేడా ఉంది, నిజమే. రోస్టెడ్ బార్లీది ఎండిన, కాఫీ వైపు మొగ్గే రుచి. బ్లాక్ మాల్ట్‌ది ఇంకా పదును, బొగ్గు. చాక్లెట్ మాల్ట్ వాటికంటే కాస్త తక్కువ వేపుడు, కోకో వైపు వెళ్తుంది. పేరు చూసి మోసపోవద్దు, అందులో చాక్లెట్ ఏమీ ఉండదు, రంగుని బట్టి పెట్టిన పేరు. బ్లాక్ మాల్ట్ 2 శాతం, మహా అయితే 3 శాతం దగ్గర బాగుంటుంది. దాన్ని రోస్టెడ్ బార్లీ పైన అదనంగా కాకుండా దాంట్లో వాటాగా లెక్కపెట్టాలి. 10 శాతంలో 8 అదీ, 2 ఇదీ.

వగరంటే బొత్తిగా గిట్టనివాళ్లకి పొట్టు తీసి వేయించిన నల్ల మాల్ట్ దొరుకుతుంది, వైయర్‌మాన్ వాళ్ల కారాఫా స్పెషల్ అలాంటిదే. పొట్టు లేదు గనక మాడు, వగరు బాగా తగ్గుతాయి. అయితే దానితో మొత్తం చేస్తే వచ్చేది స్టౌట్ కాదు, నున్నటి నల్ల లాగర్. పదునంతా తీసేసిన స్టౌట్ నాకు చప్పగానే అనిపిస్తుంది. సగం దాకా వాడటం వేరే మాట.

ఇంకో దారి చల్లటి నానబెట్టడం. నల్ల గింజని వేరుగా పలుకు పలుకుగా మరపట్టి, ఒక వంతు గింజకి నాలుగు వంతుల చల్లటి నీళ్లు పోసి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి వడగట్టి, ఆ నల్ల రసాన్ని మరుగు ఆఖరి 10 నిమిషాల్లో పోయాలి. మాష్‌లో పులుపు దిగదు, చేదు బాగా తగ్గుతుంది. కానీ రంగు, రోస్ట్ కూడా తగ్గుతాయి కాబట్టి గింజ ఒకటిన్నర రెట్లు పట్టాల్సి ఉంటుంది. ఓట్‌మీల్ స్టౌట్‌కి, మిల్క్ స్టౌట్‌కి ఇది హాయిగా సరిపోతుంది. డ్రై స్టౌట్‌కి వద్దు.

నల్లనురుగు:

చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ థ్యాంక్స్. యాసిడ్ సంగతి ఊహించలేదు. మరి పలచదనం? నల్ల గింజ ఇంకా తగ్గిస్తున్నాం కదా, అది ఇంకా పలచబడిపోదా?

గ్లాసంచు:

పలచదనానికీ నల్ల గింజకీ సంబంధం తక్కువండి. మీ బీరు పలచబడింది రెండు కారణాల వల్ల. 64 డిగ్రీల దగ్గర 75 నిమిషాలుంటే బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ పిండినంతా ఈస్ట్ తినగలిగే చక్కెర చేసేస్తుంది, అందుకే 1.007. రెండోది, మీ లెక్కలో అటుకులు లేవు.

బార్లీ అటుకులంటే మొలకెత్తించని బార్లీని ఆవిరి పట్టి అణిచినవి. మాల్ట్ చేసేటప్పుడు బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు చాలావరకు విరిగిపోతుంది. అటుకుల్లో అది అలాగే ఉంటుంది, వోర్ట్‌ని చిక్కబరుస్తుంది, పైగా నురుగుని నిలబెట్టే ప్రొటీన్లు కూడా ఇస్తుంది. తీపి పెరగకుండా నిండుదనం వస్తుంది, డ్రై స్టౌట్‌కి కావలసింది అదే. లాక్టోజ్ చేసే పని వేరు. బీరు ఈస్ట్ దాన్ని తినలేదు కాబట్టి అది బీరులో మిగిలిపోయి నిండుదనంతోపాటు తీపీ ఇస్తుంది. పంచదార తీపిలో ఐదో వంతో ఆరో వంతో ఉంటుందంతే. 20 లీటర్లకి 300 నుంచి 500 గ్రా. వేస్తే మిల్క్ స్టౌట్ అవుతుంది, అది ఇంకో రకం బీరు. పలచగా వచ్చిన డ్రై స్టౌట్‌కి మందుగా లాక్టోజ్ వేస్తే మాడు అలాగే ఉంటుంది, దాని మీద తీపి కూర్చుంటుంది. పాలలోని చక్కెర పడనివాళ్లకి పోసేముందు చెప్పాల్సిన బాధ్యత కూడా ఉంది.

ఇక గ్యాస్. దీన్ని చాలామంది అలంకారం అనుకుంటారు, నా లెక్కలో రుచిలో సగం ఇదే. గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతం దరిదాపు, చిక్కటి ద్రవమేమీ కాదు. చాలా లేత బీర్ల కంటే కేలరీలు కూడా ఎక్కువుండవు. అయినా నోటికి మీగడ తగిలినట్టుంటుంది. ఎలాగంటే, కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి కార్బానిక్ ఆమ్లం అవుతుంది, నాలుక మీద చురుక్కుమంటుంది. రోస్ట్ పులుపు, హాప్స్ చేదు ఉన్న బీరులో ఆ చురుకు మూడోదై కూర్చుంటే మొత్తం గరుకవుతుంది. నైట్రోజన్‌కి రుచి లేదు, నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కంటే 50 రెట్లకు పైగా తక్కువ కరుగుతుంది. కాబట్టి నైట్రో స్టౌట్‌లో కార్బన్ డయాక్సైడ్‌ని 1.2 వాల్యూముల (బీరు పరిమాణానికి ఎన్ని రెట్ల గ్యాస్ కరిగి ఉందో చెప్పే కొలత) దగ్గర ఉంచేసి (మామూలు బీరులో 2.4, 2.5 ఉంటుంది), మిగతా ఒత్తిడి నైట్రోజన్‌తో ఇస్తారు. సిలిండర్‌లో నైట్రోజన్ 75, కార్బన్ డయాక్సైడ్ 25 శాతం మిశ్రమం, ఒత్తిడి 30 నుంచి 35 పీఎస్ఐ. కుళాయిలో సన్నటి బెజ్జాలున్న బిళ్ల ఉంటుంది. బీరు దాంట్లోంచి దూరేటప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి నైట్రోజన్ సన్నటి బుడగలై విడిపోతుంది. బుడగలోని గ్యాస్ మళ్లీ బీరులోకి, గాలిలోకి కరిగిపోదు గనక ఆ నురుగు చాలాసేపు నిలుస్తుంది. గిన్నిస్‌లో మైకేల్ ఆష్ అనే గణితవేత్త ఈ పద్ధతిని కుదిర్చింది 1959లో. క్యాన్‌లో ప్లాస్టిక్ విడ్జెట్ (గ్యాస్ నింపిన చిన్న గుల్ల) పెట్టి అదే పని చేయించడం 1980ల చివర్లో వచ్చింది.

పోసిన వెంటనే బుడగలు గ్లాసు గోడ వెంట కిందికి దిగుతున్నట్టు కనిపిస్తాయే, అది కళ్లు చేసే మాయ కాదు. పైకి విప్పారిన గ్లాసులో బుడగలు నిట్టనిలువుగా లేవడంతో గోడ పక్కన బుడగలు పలచబడతాయి, అక్కడి బీరు బరువెక్కి కిందికి జారుతుంది, చిన్న బుడగల్ని తనతో లాక్కెళ్తుంది. మధ్యలో మాత్రం అన్నీ పైకే వెళ్తుంటాయి.

మీ 130 గ్రాముల పంచదార లెక్క చూడండి. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో అప్పటికే 0.85 వాల్యూములు ఉంటాయి. లీటరుకి 4 గ్రా. పంచదార ఇంకో వాల్యూమ్ ఇస్తుంది. మీది 2.5కి చేరింది, లాగర్ స్థాయి. స్టౌట్‌కి 1.8, 1.9 చాలు. 80 గ్రాములు వేయండి. ఈ ఒక్క మార్పుతోనే "బూడిద" సగం తగ్గినట్టనిపిస్తుంది, ఎందుకంటే మీరు బూడిద అనుకుంటున్నదాంట్లో కొంత గ్యాస్ చురుకే.

నైట్రోజన్ సామాను లేకుండా ఆ నురుగు కావాలంటే సూది లేని 10 మి.లీ. కొత్త సిరంజి ఒకటి చాలు. గ్లాసులో బీరు పోసి, అందులోంచి సిరంజి నిండా లాగి, మొన బీరులో ముంచి ఉంచి బలంగా ఒక్క తోపు తోయండి. సన్నటి ధారలో ఒత్తిడి పడిపోయి కరిగున్న కార్బన్ డయాక్సైడే పొడి బుడగలై విడిపోతుంది. గ్లాసంతా మబ్బు కమ్మినట్టై నిమిషంలో తేరుకుంటుంది, పైన గోధుమరంగు నురుగు కడుతుంది. గ్యాస్ కొంత పోతుంది కాబట్టి చురుకూ తగ్గుతుంది. నైట్రోజన్ నురుగంత సేపు మాత్రం నిలవదు. గ్లాసు కడిగిన సబ్బు మిగిలినా, జిడ్డున్నా అసలు కట్టదు.

ఆ నురుగుని చెంచాతో తీసి విడిగా నాకి చూడండి, కింద బీరు కంటే చేదుగా ఉంటుంది. హాప్స్ చేదు పదార్థాలు నీళ్లకి దూరంగా, బుడగ గోడలకి దగ్గరగా పోగవుతాయి. కింద ఉన్నది కాస్త మెత్తబడటానికి అదీ ఒక కారణం.

హాప్స్‌మూట:

చేదు మీద ఒక మాట. 40 ఐబీయూ అన్నది హాప్స్ లెక్క మాత్రమే. నల్ల గింజ చేదు ఆ అంకెలో ఉండదు. మీకు 16 శాతం నల్ల గింజ మీద 40 పడింది. 10 శాతానికి 35 దగ్గర పెట్టుకోండి. 5 శాతం ఆల్ఫా (చేదునిచ్చే ఆమ్లం) ఉన్న ‘ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్’ రకం హాప్స్ అయితే 60 గ్రా., గంట మరుగు. ఆఖర్లో వాసన హాప్స్ వేయొద్దు. నిమ్మ, మామిడి వాసనొచ్చే కొత్త హాప్స్ రోస్ట్ పక్కన బొత్తిగా పొసగవు.

మాష్‌గరిటె:

అందరివీ కలిపితే 20 లీటర్లకి ఇలా వస్తుంది. లేత ఏల్ మాల్ట్ 2.8 కిలోలు, బార్లీ అటుకులు 800 గ్రా., రోస్టెడ్ బార్లీ 400 గ్రా. 12 లీటర్ల నీళ్లు 72 డిగ్రీలకి కాచి గింజ పోస్తే 66 దగ్గర కుదురుకుంటుంది (గింజ 25 డిగ్రీల దగ్గర ఉంటే). గంట. స్పార్జ్ 15 లీటర్లు, 76 డిగ్రీలు దాటకుండా. చివర్లో దిగే ధార 1.010 కంటే పలచబడితే ఆపేసి, తక్కువైన నీళ్లు నేరుగా మరుగులో పోసుకోండి. ఆ ఆఖరి నీళ్లతోనే పొట్టు వగరు వస్తుంది. అటుకులు 20 శాతం ఉన్నాయి కాబట్టి మాష్ బిగుసుకోవచ్చు, రెండు గుప్పెళ్లు కడిగిన వరి ఊక కలిపితే ధార ఆగదు. 5 శాతం ఆల్ఫా హాప్స్ 60 గ్రా., గంట. గ్రావిటీ 1.042 చుట్టూ.

ఐరిష్ ఏల్ ఈస్ట్, పొడి అయితే 11 గ్రాముల ప్యాకెట్ ఒకటి. 18 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, నాలుగైదు రోజులకి బుడగలు తగ్గుతుండగానే 20, 21కి ఎక్కించి ఇంకో మూడు రోజులు ఉంచండి. ఈ ఈస్ట్‌కి వెన్న వాసన, అంటే డయాసిటైల్, వదిలే అలవాటుంది. వెచ్చదనం ఇస్తే తనే తిరిగి తినేస్తుంది. తొందరపడి సీసాల్లోకి ఎక్కిస్తే అది అక్కడే ఉండిపోతుంది. 1.010 దగ్గర ఆగుతుంది, ఆల్కహాల్ 4.2 శాతం. 80 గ్రా. పంచదార.

రెండు వారాలకి తాగొచ్చు. కొత్తలో రోస్ట్ పచ్చిగా, విడిగా తెలుస్తుంది, ఇంకో రెండు మూడు వారాలకి కలిసిపోతుంది. 8 డిగ్రీల చుట్టూ తాగండి. మంచులా చల్లగా ఉంటే కోకో, కాఫీ వాసనలు లేవవు, చేదు ఒక్కటే మిగులుతుంది. పెద్ద ఇంపీరియల్ అయితే 12, 13 దాకా వెచ్చబడనివ్వాలి.

తాగేటప్పుడు మింగాక కొంచెం పులుపు మెరుపు చాలదనిపిస్తే, అప్పుడు లాక్టిక్ యాసిడ్ తీయండి, మాష్‌లో కాదు, తయారైన బీరులో. 20 లీటర్లకి 3 మి.లీ.తో మొదలుపెట్టి 5 దాటకండి. పులుపని తెలియకూడదు, ఇంకో గుక్క తాగాలనిపించాలి. ముందు ఒక లీటరు పక్కకి తీసి చుక్కలతో చూసుకున్నాకే మిగతాదాంట్లో పోయండి.

పాతపీపా:

ఆ పులుపుకి వెనక కథ ఉంది. 18, 19వ శతాబ్దాల్లో పోర్టర్‌ని పెద్ద చెక్క పీపాల్లో నెలల తరబడి నిలవుంచేవాళ్లు. చెక్కలో కాపురముండే బ్రెటానోమైసిస్ అనే అడవి ఈస్ట్, బాక్టీరియా కొంత పులియబెట్టేవి. ఆ పాత బీరుని కొత్త బీరులో కొద్దిగా కలిపి అమ్మేవాళ్లు. పదునంతా ఆ కొద్దిదాని నుంచే. ఇంట్లో బ్రెటానోమైసిస్ జోలికెళ్తే ప్లాస్టిక్ గొట్టాలు, డబ్బా వేరుగా పెట్టుకోవాలి, లేకపోతే తర్వాతి ప్రతి బీరులోకీ అది దూరుతుంది. 3 మి.లీ. యాసిడ్ నయం.

నల్లనురుగు:

రాసిపెట్టుకున్నాను. ఆఖరి ప్రశ్న: ఇదే లెక్కని ఓట్‌మీల్ స్టౌట్ చేయాలంటే అటుకులు మార్చేస్తే చాలా? అలాగే కాఫీ స్టౌట్‌కి కాఫీ ఎప్పుడు, ఎంత? మరుగులో వేసినవి తాగితే రెండు రోజుల నాటి డికాషన్ గుర్తొస్తోంది.

గ్లాసంచు:

ఓట్స్‌కి: బార్లీ అటుకుల్లో 400 గ్రా. తీసి అంతే ఓట్స్ వేయండి, మొత్తం గింజలో 10 శాతం. మాష్ 68కి పెంచండి, రోస్టెడ్ బార్లీలో 150 గ్రా. తగ్గించి చాక్లెట్ మాల్ట్ వేయండి. ఓట్స్ నిండుదనం ఇంకో రకం, నాలుక మీద జారుడుగా ఉంటుంది. 20 శాతం దాటిస్తే జిగురవుతుంది, స్పార్జ్ కదలదు. అంత వేయాలనే పట్టుదల ఉంటే ముందు 40 నుంచి 45 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి బీటా గ్లూకాన్ కొంత విరగనివ్వాలి.

కాఫీ మరుగులో వద్దు. వాసనంతా ఆవిరితో పోయి, మీరన్న పాత డికాషన్ చేదు మిగులుతుంది. పులియడం పూర్తయ్యాక, సీసాల్లోకి ఎక్కించేముందు వేయాలి. రెండు పద్ధతులు. కాఫీ గింజల్ని ఒకసారి చితక్కొట్టి 80 గ్రా. గుడ్డమూటలో కట్టి బీరులో 24 గంటలు వేలాడదీయడం ఒకటి. బరకగా పట్టిన పొడి 120 గ్రా. ఒక లీటరు చల్లటి నీళ్లలో 18 గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టి వడగట్టి పోయడం రెండోది. రెండోదే సుఖం: వంద మి.లీ. బీరులో చుక్కలు చుక్కలుగా కలిపి రుచి చూసి, మోతాదు తేల్చుకున్నాకే మొత్తానికి పోయొచ్చు. కాఫీ పులుపు కూడా తోడవుతుంది కాబట్టి రోస్టెడ్ బార్లీ 300 గ్రాములకి దించండి, లాక్టిక్ జోలికి వెళ్లకండి.

కాఫీ స్టౌట్‌లో ఎక్కువగా వచ్చే తెగులు పచ్చి క్యాప్సికం వాసన. అది పైరజీన్ల కుటుంబంలోదే. మరీ లేతగా వేయించిన గింజలతో, మరీ ఎక్కువసేపు నానబెట్టినప్పుడు పైకొస్తుంది, సీసాలో నిలవున్నకొద్దీ ముదురుతుంది. మధ్యస్థంగా వేయించిన గింజలు తీసుకుని 24 గంటలకి మూట బయటికి లాగేయండి.

మాష్‌గరిటె:

కోకో కూడా అడుగుతారేమో అని ముందే చెబుతున్నా: పొడి కాదు, పలుకులు. 20 లీటర్లకి 150 గ్రా., వోడ్కాలో మూడు రోజులు నానబెట్టి, వోడ్కా పైన తేలిన కొవ్వుని ఫ్రిజ్‌లో గడ్డకట్టించి తీసేసి మిగతాది పోయాలి. ఆ కొవ్వు బీరులో పడితే నురుగు కట్టదు.